ఇరవై రోజుల నియ్యత్

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు ముందుగా సముద్రం సంగతి చెబుతారు. నేను అక్కడ ఎనిమిది రోజులుండి సముద్రం ఒడ్డుకు ఒక్కసారే వెళ్ళాను, అదీ మా అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని. సముద్రం కోసం దీన్ని చదవాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను చూసింది రెండు మైదానాలు, ఒక ఇండోర్ హాలు, ఒక స్కాన్ సెంటరు. దేశదేశాల ఆడపిల్లల క్రికెట్ పోటీలు ఆ ఊళ్ళో జరుగుతున్న రోజులవి.

మాది మార్కాపురం దగ్గర ఒక చిన్న ఊరు. మా తాతముత్తాతలు పరుపులు కుట్టారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను మదర్సాలో చదువుకుని ఊరి మసీదులో ఇమాంగా ఉన్నాను. ఐదు పూటలా నమాజ్ చేయించడం, పిల్లలకు అరబీ అక్షరాలు నేర్పడం నా పని. మా నస్రీన్‌కు పదిహేడేళ్ళు. ఎడమచేత్తో స్పిన్ వేస్తుంది. నేర్చుకున్నది ఈద్గా మైదానంలో. ఏడాదికి రెండు పండగలకు తప్ప ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. పక్కనే పలకల గనుల్లోంచి పారబోసిన రాతి రద్దు. ఆ రద్దు పొడి పరుచుకున్న నేల మీద బంతి పాములా తిరుగుతుంది. ఎదుట పట్టుకునేవాళ్ళు లేక ఈద్గా గోడకే వేసేది. తెల్లటి గోడ మీద ఎర్రటి మరకలు. మేం ఎదురుగా నిలబడి నమాజ్ చేసే గోడ అది. ఇది రాస్తున్న వారంలోనే కమిటీవాళ్ళు దానికి సున్నం వేయించారు. తెల్లగా ఉంది.

పోటీలకు వచ్చే జట్లు సాధన చేసేటప్పుడు బంతులు వేయడానికి మన అమ్మాయిల్ని పిలుస్తారు. నెట్ బౌలర్లంటారు. జిల్లా కోచ్ మా అమ్మాయి పేరు పంపాడు. ఇరవై రోజుల పని. రాష్ట్రం తరఫున ఎంపిక చేసేవాళ్ళు రోజూ అక్కడే ఉంటారట. వాళ్ళ కంట్లో పడితే క్యాంపుకు తీసుకుంటారట. మసీదు కమిటీని సెలవడిగాను. శుక్రవారం నమాజ్ అయ్యాక, జమాత్ అంతా కూర్చునుండగా, కమిటీ పెద్ద అడిగారు, ఇదింకా ఎన్నాళ్ళని. ఇదే ఆఖరు అన్నాను. ఈసారి ఏదీ రాకపోతే ఇక మైదానానికి పంపనని అందరి ముందూ మాటిచ్చాను.

ఆ మాట ఇచ్చేటప్పుడు ఇవ్వడం తేలికగానే ఉండింది.

కోట వీధి

రైలు దిగేసరికి వాన వెలిసి ఉంది. ఊరు పెళ్ళివారిల్లులా ముస్తాబై ఉంది. ఫ్లైఓవర్ స్తంభాల మీద బ్యాటు పట్టుకున్న ఆడపిల్లల బొమ్మలు, దీపస్తంభాలకు జెండాలు. మా ఊళ్ళో గోడ మీద ఆడపిల్ల బొమ్మ ఉందంటే అది చీరల కొట్టు ప్రకటనే. నస్రీన్ ఆటోలోంచి తల బయటపెట్టి ప్రతి బొమ్మకూ పేరు చెప్పింది.

ఆటో నడిపినతను ఎర్నాయుడు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. పొలం తమ్ముడికి వదిలి బండి కొనుక్కున్నాడు. స్టేషన్ నుంచి పాత ఊళ్ళోకి నూట యాభై అడిగి, అమ్మాయి చేతి సంచిలోంచి బంతి జారి కింద పడితే తీసిచ్చి, "పాప ఆడడానికొచ్చిందేటి? అయితే వంద ఇవ్వండి బాబూ" అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది రోజులూ అతని బండే.

మేం దిగింది కోట వీధి దగ్గర కరీముల్లా గారింట్లో. మా గురువుగారి తరఫు పరిచయం. ఆయనది టార్పాలిన్ల దుకాణం. పడవలకు, లారీలకు కప్పేవి కుట్టి అమ్ముతారు. ఈ ఏడు మైదానాలకు వాన పట్టాల పని కూడా వచ్చిందని గర్వంగా చూపించారు. వాళ్ళ మేడ మీది నుంచి మూడు గుట్టలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా. ఓడ రేవులోకి వస్తుంటే మూడూ చూస్తాయట. మేడ మీద ఆరేసిన తెల్లటి లాల్చీ మీద సాయంత్రానికి రేవు బొగ్గు పొడి నల్లగా పడింది. రెండుసార్లు ఉతికాను, పోలేదు. ఇక్కడ తెల్లబట్టలు కట్టుకునేవాళ్ళు పెద్ద గుండెగలవాళ్ళని కరీముల్లా గారు నవ్వారు.

మధ్యాహ్నం రొయ్యల పులావు వడ్డించి, నేను కాస్త ఆగడం చూసి, "తింతారా ఇమాం సాబ్, లేపోతే మా మీద ఫత్వా ఇస్తారా?" అన్నారు. మెట్ట ప్రాంతం వాళ్ళం. చేప అయితేనే తినొచ్చు కాబట్టి, రొయ్య చేపా కాదా అని మదర్సాలో మేం వాదించుకున్నాం గానీ కళ్ళతో చూసినవాడు మాలో ఒక్కడు లేడు. తిన్నాను. మళ్ళీ పెట్టించుకున్నాను.

పొద్దువాలే అసర్ వేళకు వాళ్ళ వీధి మసీదులో నన్ను ముందు నిలబడి నమాజ్ చేయించమన్నారు. ముందుగా ఒక మాట అడిగారు, ఎన్నాళ్ళుంటారని. ఇది మర్యాదకు అడిగే మాట కాదు. ప్రయాణంలో ఉన్నవాణ్ణి ముసాఫిర్ అంటాం. అతనికి నాలుగు రకాతుల నమాజ్, అంటే నాలుగు ఆవృత్తులది, రెండుగా తగ్గుతుంది. ఒక ఊళ్ళో పదిహేను రోజులకు తక్కువ ఉండాలనుకుంటే అతను ముసాఫిరే. అంతకంటే ఎక్కువ ఉండాలని మనసులో గట్టిగా అనుకుంటే, దాన్నే నియ్యత్ అంటాం, అతను ఆ ఊరివాడైపోతాడు. నాలుగూ చేయాలి. ముసాఫిర్ ముందు నిలబడి చేయిస్తే రెండు రకాతులు కాగానే సలాం చెప్పి ముగించి, వెనకున్న ఊరివాళ్ళతో, "మీది మీరు పూర్తి చేసుకోండి, నేను ముసాఫిర్‌ని" అంటాడు. వాళ్ళు లేచి మిగతా రెండూ చేసుకుంటారు.

కరీముల్లా గారు నా జవాబు కోసం చూస్తున్నారు. నెట్ బౌలర్ల పని నడిచేది ఇరవై రోజులు. అమ్మాయికి అది దక్కుతుందో లేదో రేపుగానీ తెలియదు. "ఇరవై రోజులు, ఇన్షా అల్లాహ్" అన్నాను. నాలుగు రకాతులూ చేయించాను. ఆశపడడమంటే ఏమిటో ఆ రోజు నాకు కచ్చితంగా తెలుసు, నాలుగు రకాతులు.

మధురవాడ, వెనక మైదానం

పెద్ద స్టేడియం ఊరి చివర హైవే పక్కన ఉంది. వెనకంతా పచ్చటి కొండలు. మా కొండలు ఎండిన రొట్టెల్లా ఉంటాయి. ఇవి వానకు ఉబ్బి, మబ్బుల్ని తల మీద మోస్తున్నాయి. దాని వెనకున్న చిన్న మైదానంలో జట్ల సాధన. తండ్రులూ అన్నలూ వలకు ఇవతల నిలబడాలి. మొత్తం పన్నెండు మంది అమ్మాయిలొచ్చారు. కావలసింది ఎనిమిది మంది.

అమ్మాయిలకు మంచినీళ్ళిస్తున్న ఒక ముసలి మైదానం పనివాడు నా గడ్డం చూసి, తురకబాబు ఆట చూడ్డానికొచ్చారేటని పలకరించాడు. ఆ ఎడమచేతి పిల్ల నాదేనంటే కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేకపోయాను.

ఒక విదేశీ జట్టులో తాటిచెట్టంత అమ్మాయి ఎడమచేతి వాటంగా బ్యాటు పట్టుకుని నిలబడింది. నస్రీన్ మొదటి బంతి పక్కకు పోయింది. రెండోది ఆ అమ్మాయి లాగి కొట్టింది. మూడోది గాల్లో ఆగినట్టు ఆగి, లోపలికి తిరిగి, బ్యాటు దాటి వెళ్ళింది. నాలుగోదీ అంతే. ఆ పొడుగు అమ్మాయి నవ్వి, ముందుకొచ్చి పేరడిగింది. మా అమ్మాయి తన పేరు చెప్పడం నేను వినలేదు గానీ, ఆ మనిషి పెదాలు ఆ పేరును తిరిగి పలకడం వల ఇవతలి నుంచి చూశాను. మదర్సాలో పదేళ్ళు చదివి నేను ఖురాన్ కంఠస్థం చేసిన రోజున మా నాన్న మొహం ఎలా ఉండిందో నాకప్పుడు అర్థమైంది.

కోచ్ ఒకాయన ఎనిమిది పేర్లు చదివాడు. నస్రీన్ పేరు మూడోది. మర్నాడు సాయంత్రం ఊళ్ళోని ఇండోర్ హాల్లో కాగితాలు పూర్తిచేసి మెడలో వేసుకునే కార్డులు తీసుకోమన్నారు. పద్దెనిమిది నిండనివాళ్ళకు తండ్రి సంతకం కావాలి.

తిరుగుదారిలో ఎర్నాయుడు ఒక కొండను చూపించి, దానవతలే తమ అప్పన్న ఉంటాడని, ఏడాది పొడుగునా ఒంటి నిండా గంధం పూసుకుని ఒక్క రోజే నిజరూపం చూపిస్తాడని చెప్పాడు. పాపకి కార్డు మెళ్ళో పడితే సింహాచలం ఎక్కి తలనీలాలిచ్చేస్తానని మొక్కుకున్నాడట. నా మతంలో అలాంటి మొక్కుకు చోటు లేదు. అతనికి ఆ సంగతి చెప్పే ధైర్యమూ నాకు లేదు. సంతోషమన్నాను. నిజంగానే సంతోషించాను.

శుక్రవారం, ఇండోర్ హాలు

ఆ శుక్రవారం జుమా నమాజ్‌కు ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను సాక్ష్యం గురించి చెప్పాను. నిజం మన సొంతవాళ్ళకు ఎదురొచ్చినా దాన్ని దాచకూడదని, రాతలో అబద్ధం నోటి అబద్ధం కంటే ఎక్కువ కాలం బతుకుతుందని అన్నాను. కోట వీధి పెద్దలు తలలూపారు. అత్తరు దుకాణం ఆయన నా చేతికి చిన్న సీసా ఒకటి ఇచ్చాడు. ఆ మాటల తడి నోట్లో ఆరకముందే నాలుగింటికి హాల్లో ఉన్నాను.

లోపల బ్యాడ్మింటన్ కోర్టుల గీతల మీద బల్లలు వేసి ఉన్నాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కాగితం. మిగతా తండ్రులు సంతకాలు చేసుకుంటూ రైలు టికెట్టు కొన్నంత తొందరగా దాటిపోతున్నారు. నేను నిఖానామా, అంటే పెళ్ళి ఒప్పందం, చదివినట్టు ప్రతి వరసా చదివాను. అది నా అలవాటు. నిఖాలో సాక్షుల చేత సంతకం పెట్టించేవాణ్ణి, చదవకుండా పెట్టడం నాకు రాదు.

మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది. గత ఏడాదిలో భుజం, మోకాలు, నడుము, వీటిలో దేనికైనా దెబ్బ తగిలిందా? పైన చెప్పినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను, తండ్రి సంతకం.

వేసవిలో, రంజాన్ పండగ తర్వాత, నస్రీన్ ఈద్గా మెట్టు మీద జారిపడింది. ఎడమ భుజం వాచింది. కంభం దగ్గర కట్లు కట్టే ఆయన పది రోజులు ఆకు కట్టు వేశాడు. తగ్గిపోయింది.

కలం ఆగడం చూసి నస్రీన్ వంగి చదివింది. నెమ్మదిగా అంది, "నాన్నా, అది పోయి ఆరు నెలలైంది. అందరూ లేదనే రాశారు."

అందరూ రాసింది నేను రాయలేనన్నాను. ఉన్నదున్నట్టు రాశాను. ఎప్పుడు పడిందీ, ఎన్ని రోజులు కట్టుందీ, ఇప్పుడు నొప్పి లేదనీ.

బల్ల దగ్గరున్న మేడం చదివి తలెత్తింది. మంచి మనిషి. ఇప్పటికీ ఆవిడ మీద నాకు ఫిర్యాదు లేదు. గొంతు తగ్గించి, "ఇమాం గారండీ, ఇది రాసేస్తే నేను డాక్టర్ గారికి చూపించాల్సొస్తాది. కొత్త ఫారం ఇమ్మంటారా?" అంది.

బల్ల మీద కొత్త ఫారాల కట్ట ఉంది. పైది గాలికి లేస్తూ పడుతూ ఉంది. నస్రీన్ నన్ను చూడలేదు. ఆ కాగితాన్నే చూస్తోంది.

వద్దమ్మా, ఇదే ఉండనివ్వండి అన్నాను.

డాక్టరు వచ్చి భుజం నొక్కి చూసింది. బాగానే ఉంది, కానీ బంతి వేసే చెయ్యి కాబట్టి స్కాన్ కాగితం లేకుండా కార్డు ఇవ్వకూడదంది. తెస్తే ఇచ్చేస్తామంది. అది వాళ్ళ నియమం. నియమాల మనిషిని నేనేమంటాను?

విషయం విని ఎర్నాయుడు బండి పక్కకు ఆపేశాడు. వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "ఏటి ఇమాం గోరూ, నొప్పుందని ఎవులైనా రాత్తారేటి? బండి ఫిట్‌నెస్‌కి ఎల్లినపుడు బ్రేకు బాగోలేదని నానే సెప్పుకుంతానా?"

నస్రీన్ నవ్వింది. ఆ రోజు అదొక్కటే నవ్వు. నేనూ నవ్వాను. తర్వాత, మరి బ్రేకు బాగుందా అని అడిగాను. అతను ముందుకు తిరిగి బండి తీశాడు.

మహారాణిపేట

స్కాన్ సెంటర్లన్నీ ఒకే వీధిలో వరసగా ఉన్నాయి. మా ఊళ్ళో పలకల దుకాణాలున్నట్టు. శనివారం ఉదయం వెళ్ళి ఆరు వేల రూపాయలు కట్టాం. మా ఊళ్ళో ఆకు కట్టుకు మూడు వందలు తీసుకుని ఆయన మమ్మల్ని మళ్ళీ రమ్మనలేదు. ఇక్కడ స్కాన్ అరగంటలో అయింది గానీ, దాన్ని చదివి సంతకం పెట్టే పెద్ద డాక్టరు సోమవారంగానీ రాడట. సంతకం లేని కాగితం పనికిరాదట. నా సంతకం కోసం నేనెంత ఆలోచించానో గుర్తొచ్చి ఆయన్ని తొందరపెట్టమనడానికి నోరు రాలేదు.

శని, ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పను. నస్రీన్ మేడ మీద టార్పాలిన్ కట్టల మధ్య ఒక్కతే చెయ్యి తిప్పుకుంటూ ఉండింది, చేతిలో బంతి లేకుండా. కరీముల్లా గారి భార్య మాడుగుల హల్వా తెప్పించి పెట్టింది. నేను అర్ధరూపాయంత తిన్నాను. అసర్, రాత్రి ఇషా నేనే చేయించాను. ప్రతిసారీ నాలుగు రకాతులు. సజ్దాలో నేల మీద నుదురు పెట్టి అడిగినంత అడిగాను. నేను నిజం రాశాను కాబట్టి అల్లాహ్ దాన్ని వృథా కానివ్వడని అనుకున్నాను. ఇలా అనుకోవడం విశ్వాసమో, బేరమో, అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

సోమవారం పదకొండింటికి కాగితం వచ్చింది. భుజంలో ఏ లోపమూ లేదు. ఎముక, నరం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏమీ లేదని చెప్పడానికి రెండు పేజీలు రాశారు. నస్రీన్ ఆ కాగితాన్ని బురఖా లోపల పెట్టుకుంది, తడవకుండా. వాన కురుస్తోంది.

మళ్ళీ మధురవాడ

ఎర్నాయుడు మమ్మల్ని గేటు దగ్గర దింపి, రెండు మూడు గంటల్లో వస్తానని ఎటో వెళ్ళిపోయాడు. మైదానం మీద వాన పట్టాలు పరిచి ఉన్నాయి. కరీముల్లా గారి కుట్టు గుర్తుపట్టాను.

మేడం మా కాగితం చదివింది. రెండో పేజీ కూడా చదివింది. తర్వాత చాలాసేపు దాన్ని మడత పెట్టింది. శనివారం పొద్దున్నే జట్టువాళ్ళు ఎడమచేతి బౌలర్ కావాలని పట్టుబట్టారట. ఎనిమిది కార్డులే ఉన్నాయట. బొబ్బిలి నుంచి ఒక అమ్మాయిని రప్పించి కార్డు ఇచ్చేశారట. ఎవరైనా మానుకుంటే పిలుస్తానని నా నంబరు రాసుకుంది. ఆవిడ కళ్ళు మా వైపు లేవు. రేపటి మ్యాచ్‌కి రెండు టికెట్లు తీసి నస్రీన్ చేతిలో పెట్టింది. కొంటే నూట యాభై చొప్పున అవుతాయి.

బయట పంపు దగ్గర బొబ్బిలి అమ్మాయి నీళ్ళు తాగుతోంది. మెడలో కార్డు ఉంది. నస్రీన్ కంటే చిన్నది, సన్నగా, వెదురు బద్దలా ఉంది. ఎవరో చెప్పినట్టున్నారు, మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది.

"అక్కా, నాకు మోకాలు నొప్పుంది. నాను రాయలేదు. నానేటి సేయాలి, మాయమ్మ రాయొద్దంది" అంది. ఏడుపు గొంతు.

నస్రీన్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, బంతి ఆ పొడుగామెకు లోపలికి తిప్పి వేయమని, అది ఆమెకు కనబడదని చెప్పింది. అంతే చెప్పింది.

గేటు బయటకు వచ్చి చాలాసేపు నిలబడ్డాక ఎర్నాయుడి బండి వచ్చి ఆగింది. దిగి నవ్వుతూ ఎదురొచ్చాడు. నున్నటి గుండు, దాని మీద పసుపు, వాన చినుకులు. రిపోర్టు బాగా వచ్చిందని వినగానే ఇక అయిపోయినట్టేననుకుని, అటునుంచి అటే సింహాచలం కొండెక్కి మొక్కు తీర్చుకుని వచ్చాడు. ప్రసాదం పొట్లం పాపకి ఇవ్వబోయి మా మొహాలు చూశాడు.

అతను ఆ పొట్లాన్ని సీటు మీద పెట్టి, మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు. దారిలో ఎక్కడో ఒకచోట, "ఎంట్రుకలదేటుంది ఇమాం గోరూ, మళ్ళీ మొలుత్తాయి" అన్నాడు.

ఒడ్డున

ఆ సాయంత్రం అతనే మమ్మల్ని బీచ్‌కి తీసుకెళ్ళాడు. విశాఖ వచ్చి సముద్రం చూడకపోతే పాపం తగులుతుందట. మురీ మిక్చర్ కొనిచ్చాడు. మరమరాల్లో ఉల్లిపాయ, వేరుశనగలు, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇస్తారు. పొట్లం ముప్ఫై. మా వైపు బొరుగుల మసాలా అంటాం. రుచి ఒకటే.

నస్రీన్ చెప్పులు విడిచి నా చేతికిచ్చి నీళ్ళలోకి వెళ్ళింది. చీలమండల దాకా నిలబడింది. దూరంగా ఓడలు వరసకట్టి రేవు పిలుపు కోసం ఆగి ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళాను. ఏదో ఒకటి చెప్పాలి కదా, తండ్రిని, పైగా ఇమాంని. సహనం గురించి మొదలుపెట్టాను.

వెనక్కి తిరగకుండానే అంది, "నువ్వు అబద్ధం రాయలేదు నాన్నా. అది నాకు తెలుసు. దాన్ని తీసుకుని నేనేం చేసుకోను?"

చెప్పులు రెండో చేతిలోకి మార్చుకున్నాను.

"నా భుజం గురించి రాసేముందు అంత ఆలోచించావు. కమిటీకి మాటిచ్చేటప్పుడు నన్నడిగావా?"

అల వచ్చి నా లాల్చీ అంచు తడిపింది. నేను అడగలేదు. అడగాలని అప్పుడు తోచనే లేదు. నా నోట్లోంచి వచ్చిన మాట నాదేననుకున్నాను. ఆ మాటలో ఇంకొకరి చెయ్యి ఉందని, ఎడమ చెయ్యి, నాకు తట్టలేదు. వందమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటే మర్నాటి నుంచి నా వెనక నిలబడి నమాజ్ చేసేవాళ్ళకు నేనేం చెప్పగలను? తీసుకోకపోతే ఈ పిల్లకు ఏం చెప్పగలను? రెండువైపులా నిజమే ఉన్న చోట ఎటు నిలబడాలో మాకు మదర్సాలో నేర్పలేదు. లేక నేర్పిన రోజు నేను రాలేదేమో.

ఆమె నీళ్ళలోంచి బయటికొచ్చింది. చెప్పులు కింద పెట్టాను. తొడుక్కుంది.

గ్యాలరీ

మర్నాడు టికెట్లు వాడుకున్నాం. వద్దంటుందనుకున్నాను, తనే ముందు తయారైంది. పెద్ద స్టేడియం లోపల పచ్చదనం కళ్ళకు తగిలేంత పచ్చగా ఉంది. బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చారు. వాళ్ళ అరుపులకు కొండలు కూడా అరుస్తున్నట్టుంది. సీసా నీళ్ళు లోపలికి తేనివ్వరు. లోపల కొనుక్కోవాలి. నా అత్తరు సీసా కూడా గేటు దగ్గరే తీసుకున్నారు. అది దేనికి పనికొస్తుందో కాపలా మనిషికి చెప్పలేకపోయాను.

ఆ పొడుగు అమ్మాయి ఆడడానికి దిగింది. నస్రీన్ ముందుకు వంగింది. కాసేపటికి అవతలి జట్టు ఎడమచేతి స్పిన్నర్‌ను తెచ్చింది. నాలుగో బంతి గాల్లో ఆగి, లోపలికి తిరిగి, వికెట్లకు తగిలింది. స్టేడియం అంతా లేచింది. నస్రీన్ లేవలేదు. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని కూర్చుంది, నొప్పి లేని భుజం. చప్పట్లు కొడుతున్న పక్క సీటు పిల్ల, అక్కా నీకు ఆట తెలుసా అని అడిగింది. తెలుసు అంది.

అసర్ వేళకు నేను గ్యాలరీ వెనక వరండాలో ఒక మూల రుమాలు పరుచుకున్నాను. నాలుగు రకాతులు చేశాను. ఉండి చేసే పని అయిపోయింది, మర్నాడే రైలు. అయినా నియమం అంతే. ఒకసారి ఉంటానని నియ్యత్ చేశాక, ఆ ఊరి పొలిమేర దాటేదాకా ఆ ఊరివాడి లెక్కే. పోతున్నవాడు కూడా ఉంటున్నవాడిలా నాలుగు చేయాలి. మూడో రకాతులో చదువుతున్నది మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి చదివాను. అసర్‌లో పైకి చదవక్కర్లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బెజవాడ

పొద్దున రైలుకు దింపి ఎర్నాయుడు డబ్బు తీసుకోలేదు. కరీముల్లా గారు వీధి మసీదు తరఫున నాకు కొత్త లాల్చీ బట్ట పెట్టారు. ఇంకా పన్నెండు రోజులుంటారనుకున్నామన్నారు. నేనూ అనుకున్నానన్నాను.

మధ్యాహ్నానికి బెజవాడలో దిగాం. మార్కాపురం వైపు రైలుకు మూడు గంటలుంది. దారంతా నస్రీన్ నిద్రపోయింది, లేదా కళ్ళు మూసుకుంది. ఫోను చేతిలో పెట్టుకుని ఉన్నాను. బొబ్బిలి అమ్మాయి మోకాలు నొప్పి ఎక్కువైతే మేడం పిలుస్తుందేమోనన్న ఆలోచన ఒకటి అనకాపల్లి దగ్గర మొదలైంది. తుని దాకా ఆ ఆలోచనను నేను తరమలేదు. ఒక పేదపిల్ల మోకాలు పాడవాలని కోరుకుంటున్న ఇమాంని నేను. తుని దాటాక ఫోను కట్టేశాను.

ప్లాట్‌ఫాం చివర, పార్సిల్ కట్టల అవతల, కాస్త శుభ్రంగా ఉన్న చోటు చూసి జొహర్ నమాజ్‌కు నిలబడ్డాం. నేను ముందు, తను వెనక. కొళాయి దగ్గర ఒక కూలీ మేం అయ్యేదాకా తన తోపుబండి చప్పుడు కాకుండా ఆపి పెట్టాడు.

రెండు రకాతులు చేశాను. కుడికి సలాం, ఎడమకు సలాం. ఎనిమిది రోజులు నాలుగు చేసిన ఒళ్ళు ఇంకా రెండు కావాలని లేవబోయింది. పాతికేళ్ళుగా పరాయి ఊళ్ళలో నమాజ్ చేయించిన అలవాటు ఒకటుంది కదా, వెనక్కి తిరగకముందే నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"మీది మీరు పూర్తి చేసుకోండి, నేను ముసాఫిర్‌ని."

తిరిగి చూశాను. నస్రీన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఆమె కూడా ముసాఫిరే. ఆమె పూర్తి చేసుకోవడానికి ఏమీ మిగల్లేదు.